ఇస్త్రీ బల్ల మీద రానోక్ స్టేషన్

మొన్న లాఫ్ట్‌లో, అంటే అటక మీద, చలి దూరకుండా ఇన్సులేషన్ వేయడానికి వచ్చిన మనుషులు, పైన ఉన్న సామానంతా దించితే గానీ పని మొదలుపెట్టమని భీష్మించుకు కూర్చున్నారు. కాలికి అడ్డం వచ్చిన ప్రతి వస్తువునీ ఏళ్ళ తరబడి పైకి తోసేసిన ఇల్లు మాది. చక్రాలు ఊడిన సూట్‌కేసులు, మా అమ్మాయి చిన్నప్పటి కార్ సీటు, ఎప్పటికైనా బాగుచేస్తానని మా ఆయన దాచిన ప్రింటర్లు ఒక్కొక్కటే నిచ్చెన దిగుతుంటే, ఆ పనివాళ్ళ ముందు నాకు సిగ్గేసింది. ఆఖర్న ఒకతను, 'ఇది కాస్త జాగ్రత్తగా పట్టుకోవాలనుకుంటా' అంటూ పాత నేత చీరలో చుట్టిన పొడుగాటి పెట్టె ఒకటి దించి హాల్లో పెట్టాడు. చీర మా అత్తగారిది. ఇంకా ముడి విప్పలేదు, మెంతుల వాసన గుప్పుమంది. మా ఆయన వంటింట్లోంచి తొంగి చూసి, 'పోపు ఏమైనా మాడిందా?' అన్నారు. 'లేదు, మీ అమ్మగారు వచ్చారు' అన్నాను. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నేలమీద కూర్చున్నారు.

పెట్టెలో ఉన్నది ఒక రైల్వే స్టేషన్. స్కాట్లాండ్ కొండల్లో ఉన్న రానోక్ అనే స్టేషన్‌కి నేను ఇస్త్రీ బల్ల కొలతకి సరిపడేలా చేసిన బొమ్మ. మధ్యలో ప్లాట్‌ఫారం, దానికి అటూ ఇటూ చిటికెన వేలంత వెడల్పు పట్టాలు, ఆకుపచ్చ రంగు వేసిన చిన్న భవనం, పైనుంచి దాటడానికి వంతెన. ప్లాట్‌ఫారం చివర ఒక రాయి, ఆ రాయి మీద ఒక పెద్దమనిషి మొహం, ఆ మొహానికి కుంకుమ బొట్టు. పట్టాల సందుల్లో ఎండిపోయిన మెంతి మొలకల పొట్టు. పట్టాల కింద ఒకచోట కొబ్బరి ఈనెలు బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తున్నాయి. స్కాట్లాండ్‌లో కొబ్బరి ఈనెలు ఎక్కడివని మీరు అడగక ముందే చెప్పేస్తాను.

అప్పటికి మా పెళ్ళై ఏడాది కూడా కాలేదు. ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో పడకగది ఒకటి, అగ్గిపెట్టెంత బాక్స్ రూమ్ ఒకటి ఉన్న అద్దె ఫ్లాట్‌లో కాపురం. మా ఆయన ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కంప్యూటర్ పని మీద పొద్దున్నే కారేసుకుని వెళ్ళిపోయేవారు. నాకు ఉద్యోగం లేదు, కారు నడపడం రాదు, పలకరించే మొహం లేదు. ఇప్పటిలా వీధికో తెలుగు కుటుంబం ఎక్కడుంది అప్పుడు? గోంగూర కావాలంటే లీసెస్టర్ వెళ్ళే వాళ్ళ చెవిన వేసి నెల ముందు నుంచి కాచుకోవాలి. కిటికీలోంచి కార్ పార్క్ చూడటం, రేడియేటర్ మీద చేతులు కాచుకోవడం, సాయంత్రం మా ఆయన రాగానే ఏదో ఒక వంకన తగువు పెట్టుకోవడం, ఇవీ నా దినచర్య. ఆ తగువులు పడలేకే కాబోలు, బ్యాంక్ హాలిడే చూసి ఆయన నన్ను స్కాట్లాండ్ తీసుకెళ్ళారు.

గ్లాస్గోలో ఎక్కి ఫోర్ట్ విలియం వెళ్ళాలి. డబ్బా నిండా పులిహోర, ఫ్లాస్కు, శాలువా, అన్నీ పెట్టుకుని దర్జాగా కూర్చున్నాం. మధ్యలో, కనుచూపు మేర గోధుమరంగు బీడు తప్ప ఇంకేమీ లేని చోట బండి ఆగింది. అదే రానోక్. మన దేశంలో బండి ఆగితే మగవాళ్ళు మొట్టమొదట ఏం చేస్తారో మా ఆయనా అదే చేశారు. టీ తెస్తానని దిగారు. సామర్లకోటలో ఆగినట్టు బండి ఆగి తనకోసం కాచుకుంటుందని ఆయన ధైర్యం. ప్లాట్‌ఫారం మీద నిజంగానే ఒక టీ దుకాణం ఉంది, అదే మా కొంప ముంచింది. నేను గుమ్మంలో నిలబడి పిలిచాను, వినిపించుకోలేదు. చేసేది లేక దిగి నాలుగడుగులు వేశాను. వెనక తలుపులు మూసుకున్నాయి. పులిహోర, శాలువా, బ్యాగులు ఫోర్ట్ విలియం వెళ్ళిపోయాయి. మేమిద్దరం చెరో టీ కప్పుతో రానోక్‌లో మిగిలాం.

తర్వాతి బండి ఎప్పుడో సాయంత్రానికి. మొదటి గంట నేను ఆయన్ని ఎన్ని అన్నానో ఆ భగవంతుడికే తెలుసు, ఆ బీడులో మేసే జింకలు కూడా తలెత్తి చూశాయి. తిట్టడానికి ఓపిక అయిపోయాక చుట్టూ చూడటం మొదలుపెట్టాను. టీ దుకాణం ఆవిడ మా అవస్థ చూసి స్కోన్లని వేడి వేడి బన్నుల్లాంటివి పెట్టి ఆ స్టేషన్ కథంతా చెప్పింది. అదంతా అడుసు నేల. లైను వేసేటప్పుడు ఎంత మట్టి పోసినా మింగేస్తుంటే, కొమ్మలూ రెమ్మలూ వేళ్ళూ మోపులు మోపులుగా పరిచి, వాటిపైన మట్టీ బూడిదా పోసి పట్టాలు వేశారట. అంటే రైలు ఆ అడుసు మీద తేలుతూ పోతుందన్నమాట. మధ్యలో డబ్బు చాలక పని ఆగిపోతే ఒక పెద్దమనిషి సొంత సొమ్ము ఇచ్చాడట, కూలీలు ఆయన మొహాన్ని బండరాయి మీద చెక్కి ప్లాట్‌ఫారం చివర నిలబెట్టారు. నాకు ఆ స్టేషన్ నచ్చింది. నా అంత ఒంటరిగానే ఉంది, కానీ నాలా ఏడుస్తూ కూర్చోలేదు.

ఇంటికొచ్చాక కూడా అది నన్ను వదల్లేదు. లైబ్రరీ నోటీసు బోర్డులో రైలు బొమ్మలు చేసేవాళ్ళ క్లబ్బు ఒకటుందని చూసి, వారానికోసారి వాళ్ళు కలుసుకునే చర్చి హాలుకి వెళ్ళాను. అందరూ రిటైరైన మగవాళ్ళు. నేను దారి తప్పి వచ్చాననుకుని ఒకాయన యోగా క్లాసు పక్క గదిలో అని చూపించాడు. అలిస్టర్ అనే ఆయన ఒక్కరే నాకు కుర్చీ వేశారు. ఆయన ఆ లైను పక్కనే పుట్టి పెరిగిన స్కాట్లాండ్ మనిషి. రానోక్ అని నా నోట వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఆ శరదృతువులో క్లబ్బు ప్రదర్శన ఉంది. చిన్న ఇళ్ళలో ఉండేవాళ్ళ కోసమని ఒక పందెం పెట్టారు. నిజంగా ఉన్న స్కాట్లాండ్ స్టేషన్ అయి ఉండాలి, ఇస్త్రీ బల్లకి మించకూడదు, బండి ఈ చివర నుంచి ఆ చివరికి పడకుండా నడవాలి. అలిస్టర్ గారు నా పేరు ఇచ్చారు. 'మన ప్రదర్శనలో ఆడవాళ్ళు టీ కౌంటర్ చూసుకుంటారు కదా' అని కోశాధికారి నసిగితే, 'ఆమె బల్ల నా పూచీ' అన్నారు. అంతే, నాకు పంతం వచ్చేసింది. ఆ శనివారం నా బండి నడవకపోతే నా పరువుతో పాటు ఆయన మాట కూడా పోతుంది.

ఇస్త్రీ బల్లకి మించకూడదన్నారు కదా అని నేను మా ఇస్త్రీ బల్ల మీదే పెట్టి చేశాను. బాక్స్ రూమ్‌లో అది తప్ప ఇంకేం పట్టదు. అందుకని ప్రదర్శన అయ్యేదాకా మా ఆయన ఆఫీసుకి ముడతల చొక్కాలతోనే వెళ్ళారు. చెక్కపొట్టు అదిమి చేసిన పలక ఒకటి చవగ్గా దొరికితే కొని, దానిమీద పట్టాలు బిగించాను. కార్న్‌ఫ్లేక్స్ అట్టపెట్టెలు కత్తిరించి స్టేషన్ గోడలు, పాత గ్రీటింగ్ కార్డుల్ని సన్నటి పెంకుల్లా కోసి పైకప్పు. వాడేసిన టీపొడి ఎండబెట్టి చల్లితే అచ్చం ఆ నల్లమట్టి. కొబ్బరికాయ పీచుని టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టి, కుచ్చులు కుచ్చులుగా జిగురుతో నాటితే ఎండిన బీడు గడ్డి. సుద్దముక్క మీద పిన్నీసుతో ఆ పెద్దమనిషి మొహం చెక్కాను, మూడోసారికి ముక్కు కుదిరింది. ఇల్లంతా జిగురు వాసన, దాని మీద ఇంగువ వాసన. అన్నంలో ఎప్పుడైనా అట్టముక్క వచ్చినా మా ఆయన కిక్కురుమనకుండా పక్కకి తీసి పెట్టేవారు, ఎందుకంటే తగువులు మానేశాను.

అలా పని సగంలో ఉండగా మా అత్తగారు అమలాపురం నుంచి వచ్చారు. కొడుకు కాపురం చూసి ఆర్నెల్లు ఉండి వెళ్దామని. బిక్కుబిక్కుమంటూ వచ్చే మనిషి కాదు ఆవిడ. దిగిన మర్నాడే వంటింటి సర్దుడు మార్చేశారు. ఇంకా వెలుతురు రాకుండానే లేచి స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, ఫిల్టర్లో డికాక్షన్ దిగుతుంటే ఆ చప్పుడు వింటూ స్టూలు మీద కూర్చునేవారు. ఎండ లేదు కదా అని ఊరుకోలేదు, రేడియేటర్ల మీద పాత పంచె పరిచి గుమ్మడి వడియాలు పెట్టారు. దుమ్ము పీల్చే హూవర్‌ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. సూట్‌కేసు అడుగున ఈనెల చీపురు ఒకటి పడుకోబెట్టి తెచ్చుకున్నారు, కార్పెట్‌ని దానితోనే బరాబరా ఊడ్చేవారు. కింది ఫ్లాట్ ఆవిడ ఎదురైతే తెలుగులోనే పలకరించేవారు, ఆవిడ ఇంగ్లీషులో జవాబు చెప్పేది, ఇద్దరూ మెట్ల మీద ఎంతసేపైనా నిలబడేవారు.

నా రైలు పిచ్చి చూసి ఆవిడ ఏమంటారోనని నేను గుండె చిక్కబట్టుకుని ఉన్నాను. చిత్రం, ఏమీ అనలేదు సరికదా ముచ్చటపడిపోయారు. వడపోసిన టీపొడి పారేయకుండా ఆరబెట్టి ఇచ్చేవారు. కొబ్బరి పీచు సన్నగా దువ్వి ఇచ్చేవారు. 'ఆ వంతెన మెట్లు సరిగ్గా వచ్చాయే శారదా. మా వీధిలో ఎవరూ ఇలా చెయ్యలేదు' అనేవారు. ఇంత అభ్యుదయ భావాలున్న అత్తగారు ఎవరికి దొరుకుతారని నేను క్లబ్బులో గొప్పలు చెప్పుకున్నాను. ఆవిడకి ఒకే ఒక్క బెంగ ఉండేది. దసరాకి వాళ్ళ ఇంట్లో బొమ్మల కొలువు పెద్ద పేరు. తొమ్మిది మెట్లు, చుట్టుపక్కల ఆడవాళ్ళంతా పేరంటానికి వచ్చి చూసి వెళ్ళేవారు. పెళ్ళైన దగ్గర్నుంచి కొలువు తప్పలేదట. ఈ ఏడు ఇక్కడ ఉండిపోయారు కాబట్టి, ముఖ్యమైన బొమ్మల్ని చీరల మడతల్లో పెట్టి తెచ్చుకున్నారు. పుస్తకాల అరల పలకలు, సూట్‌కేసులు కలిపి నవరాత్రుల్లో ఆఖరి మూడు రోజులకి హాల్లో మెట్లు కడదామని అప్పుడే అనుకున్నాం. నా ప్రదర్శన ఆ నవరాత్రుల్లోనే వచ్చే శనివారం.

ప్రదర్శనకి ఇంకా వారం పది రోజులుండగానే నా పని దాదాపు అయిపోయింది. బండి పోతోంది, వస్తోంది. సరిగ్గా అప్పుడే నాకు ఒక ఆఫీసులో తాత్కాలికంగా డేటా ఎంట్రీ పని దొరికింది. ఈ దేశంలో నా మొదటి ఉద్యోగం, కాదంటానా? పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, కళ్ళు లాగేస్తుంటే సాయంత్రం వచ్చి పడుకునేదాన్ని. బొమ్మ మీద దుమ్ము పడకుండా అత్తగారు తన చీర కప్పారు. ఆ ముసుగు నేను ఎత్తి చూడలేదు. ప్రదర్శన ముందు గురువారం సాయంత్రం, ఇక చివరి మెరుగులు దిద్దుదామని బాక్స్ రూమ్‌లోకి వెళ్ళి చీర తీశాను.

రానోక్ బీడంతా పచ్చగా ఉంది. పట్టాలకి అటూ ఇటూ, కొండల మీద, ప్లాట్‌ఫారం గోడల వెంట, ఒత్తుగా మెంతి మొలకలు. స్టేషన్ కంటే ఎత్తుగా పెరిగి, ప్లాట్‌ఫారం మీది బొమ్మ మనుషులు అడవిలో తప్పిపోయినట్టున్నారు. రాతి పెద్దమనిషి మొహాన కుంకుమ బొట్టు. పలక నీళ్ళు తాగి ఉబ్బి, సరిగ్గా మధ్యలో పట్టాలు గుర్రపు వీపులా పైకి లేచాయి. నేను చేయి ఆనిస్తే చల్లగా తగిలింది.

'మొలిచాయి కదూ? ఈ చలికి రావేమో అనుకున్నానే' అంటూ అత్తగారు వెనకాలే వచ్చి నిలబడ్డారు.

'అత్తయ్యా, వీటిని ఎవరు చల్లారు?'

'నేనేనమ్మా. రోజూ చెంబుడు నీళ్ళు చిలకరించాను. అన్నీ చేశావు గానీ పైరు మర్చిపోయావు. కొలువులో ఊరంటూ పెట్టాక పచ్చగా పైరుండద్దా? పొలిమేర దేవతకి బొట్టు కూడా పెట్టావు కాదు. పనికెళ్ళి అలిసిపోతన్నావు కదా అని నేనే చేశాను.'

'ఏ కొలువు? ఇది ప్రదర్శనకి తీసుకెళ్ళాలి అత్తయ్యా, ఎల్లుండి. ఇది స్కాట్లాండ్.'

'అదేంటే, కొలువు అడుగు మెట్టు మీద ఊరు నా కోసం చేస్తన్నావని అబ్బాయి చెప్పాడు కదా?'

సరిగ్గా అప్పుడే అబ్బాయిగారు ఆఫీసు నుంచి వచ్చారు. మా ఇద్దరి మొహాలూ చూసి బూట్లు విప్పకుండా గుమ్మంలోనే ఆగిపోయారు. దొంగ దొరికాడు. ఆవిడ వచ్చిన రోజు, 'కోడలు రైలు బొమ్మలతో ఆడుకుంటోందేంట్రా' అని అడిగితే, అమ్మ ఏమనుకుంటుందోనన్న భయంతో 'నీ కొలువు కోసమేనమ్మా' అని నోటికొచ్చింది చెప్పేశారట. 'తర్వాత చెబుదామనుకున్నాను. మీరిద్దరూ అంత బాగా కలిసి చేసుకుంటుంటే నాకు చెప్పబుద్ధి కాలేదు' అన్నారు. నేను ఆయన్ని అన్న మాటలు ఇక్కడ రాయను. ఆవిడ మాత్రం ఆ పచ్చటి మొలకల్ని ఒకసారి చూసి, 'అయితే ఇది నా కోసం కాదన్నమాట' అన్నారు. తర్వాత తన సూట్‌కేసు తీసి, బొమ్మల్ని మళ్ళీ ఒక్కొక్కటే చీరల్లో చుట్టడం మొదలుపెట్టారు. 'నా టికెట్ ముందుకి జరిపించరా మూర్తీ. ఇక్కడ నాకేం పనుంది' అన్నారు.

ఆవిడ మెంతులు చల్లడం తప్పేనని నేను ఇప్పటికీ అంటాను. ఒకరి చేతి పని మీద చెంబుతో నీళ్ళు చల్లే ముందు మనిషన్నాక ఒక్క మాట అడుగుతారు. కానీ ఆ చీరలు మడత పడుతున్న చప్పుడు గోడ అవతల నుంచి వింటుంటే మాత్రం నాకు ప్రాణం ఉసూరుమంది. ఇన్ని నెలలూ ఆవిడ టీపొడి ఆరబెట్టింది నా రైలు మీద ముచ్చటతో కాదు, కోడలు తన కొలువు నిలబెడుతోందన్న సంతోషంతో. నేను అభ్యుదయం అనుకున్నది అది.

శుక్రవారం సెలవు పెట్టాను. మొలకలు పీకుదామంటే వేళ్ళతో పాటు కొండలు ఊడి వస్తున్నాయి, మానేశాను. బండి పెట్టి చూస్తే గుర్రపు వీపు దగ్గరికి రాగానే పక్కకి ఒరిగి పడిపోతోంది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పడింది. అలిస్టర్ గారికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాలి. రిసీవర్ తీశాను గానీ నంబర్ నొక్కడానికి చేయి రాలేదు, కూర్చుని ఏడ్చాను. అత్తగారు కాఫీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టారు. నిన్నటి నుంచి మా మధ్య మాటల్లేవు. వెళ్ళిపోతారనుకున్నాను, వెళ్ళలేదు.

'ఎక్కడ పడతంది?' అన్నారు. చూపించాను. 'కింద ఉబ్బింది, మెత్తబడింది' అన్నాను. కోపంలోనే, ఎవరితోనో ఒకరితో చెప్పుకోవాలి కాబట్టి, అసలు రానోక్ కథంతా చెప్పాను. అక్కడ కూడా నేల ఇలాగే అడుసేనని, కొమ్మల మోపులు పరిచి దానిమీద పట్టాలు వేశారని. ఆవిడ శ్రద్ధగా విన్నారు. 'మా పుట్టింట్లో వానాకాలం చేల గట్ల మీదకి కొబ్బరి మట్టలు పరుచుకునే వెళ్ళేవాళ్ళం. వాళ్ళకి కొమ్మలున్నాయి, పరిచారు. మనకేమున్నాయి?' అని ఒక్క క్షణం ఆలోచించి లేచి వెళ్ళారు. వచ్చేటప్పుడు చేతిలో ఆవిడ చీపురు ఉంది. దానికి కట్టిన తాడు పళ్ళతో కొరికి విప్పేశారు. కార్పెట్ మీద ఇంకెవరి చీపురూ పనికిరాదని సముద్రాలు దాటించి తెచ్చుకున్న చీపురు అది.

ఉబ్బిన చోట పట్టాలు కోసి తీశాను. మెత్తబడిన పొట్టంతా ఆవిడ చెంచాతో గీకి శుభ్రం చేశారు. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాం. ఈనెల్ని సమంగా కత్తిరించి, ఒక వరస అడ్డం, ఒక వరస నిలువు, తడిక అల్లినట్టు ఆవిడే పేర్చారు. నేను జిగురు పోసి పట్టాలు తిరిగి బిగించాను. మొలకల్ని కత్తెరతో మడమల ఎత్తుకి కత్తిరించాం, మనుషులు కనిపించారు. ఆ కత్తిరించిన మెంతికూర పప్పులో వేస్తానని ఆవిడ, జిగురు తగిలింది వద్దని నేను, ఒక చిన్న పోట్లాట అయింది. పోట్లాడుకున్నామంటే మాటలు కలిసినట్టే. సాయంత్రం మా ఆయన వచ్చేసరికి బండి ఈనెల మీదుగా ఒక్క ఊగు ఊగి అవతలికి వెళ్ళింది. 'టికెట్ గురించి ఎయిర్‌లైన్ వాళ్ళకి ఫోన్ చేశానమ్మా' అన్నారాయన భయం భయంగా. 'నన్ను పంపెయ్యాలని అంత తొందరగా ఉందేంట్రా నీకు?' అన్నారావిడ.

శనివారం పట్టుచీర కట్టుకుని ఆవిడ కూడా హాలుకి వచ్చి, నా బల్ల పక్కన కుర్చీలో కొలువు దగ్గర కూర్చున్నట్టే కూర్చున్నారు. జనం ఆగి చూస్తున్నారు, ముక్కు ఎగబీలుస్తున్నారు. రానోక్ ఇంత పచ్చగా ఎప్పుడూ లేదే అని ఒకాయన, ఈ కూర వాసన ఎక్కడిదని ఇంకొకాయన. కోశాధికారి రాతి మొహం మీద ఎర్రచుక్క చూసి, రంగు ఒలికినట్టుందని సానుభూతి చూపించాడు. అలిస్టర్ గారు కళ్ళజోడు పైకి తోసుకుని, వంగి, బల్ల అంచున పొడుచుకొచ్చిన ఈనెల్ని వేలితో తాకారు. 'ఇది ఎవరి ఆలోచన?' అని అడిగారు. నేను అత్తగారిని చూపించాను. 'చీపురండీ అన్నయ్యగారూ. మంచి ముదురు ఈనెలు, నూరేళ్ళుంటాయి' అన్నారావిడ తెలుగులో. ఆయనకి ఏం అర్థమైందో గానీ తల ఊపారు. నేను పట్టాలకి కరెంటు వదిలే కంట్రోలర్ తిప్పాను. బండి బయల్దేరింది, మెంతుల మధ్య నుంచి వచ్చి ఈనెల మీదికి ఎక్కింది, ఊగింది. దిగి ముందుకి వెళ్ళిపోయింది. 'అసలు బండి కూడా అక్కడ ఇలాగే ఊగుతుంది. చిన్నప్పుడు మా అమ్మ నా చేయి పట్టుకునేది' అన్నారు అలిస్టర్ గారు. బహుమతి ఎవరికో వచ్చింది. నేను ఆ రోజు ఎవరి స్టేషన్నీ చూసి కుళ్ళుకోలేదు.

ఇంటికి రాగానే రానోక్‌ని కొలువు అడుగు మెట్టు మీద పెట్టాం. బొమ్మలు మళ్ళీ చీరల్లోంచి బయటికొచ్చి మెట్లెక్కాయి. ఆదివారం పేరంటానికి అలిస్టర్ గారి భార్య మోరాగ్‌నీ, క్లబ్బు వాళ్ళ భార్యలనీ పిలిచాం. భర్తల ప్రదర్శనలకి ఏనాడూ తొంగి చూడని ఆడవాళ్ళు కూడా వచ్చి నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. బొట్టు పెట్టించుకున్నారు, శనగలు తిన్నారు, బండి ఎన్నిసార్లు నడిపించమన్నారో లెక్కలేదు. అలిస్టర్ గారు కూడా లోపలికి రాబోతే, మగవాళ్ళకి పేరంటమేమిటని అత్తగారు గుమ్మంలోనే ఆపేశారు. ఆయన కార్లో కూర్చుని, మా ఆయన అందించిన శనగల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. ఆడవాళ్ళు టీ కౌంటర్ చూసుకుంటారన్న మాట నాకు గుర్తొచ్చి కడుపు నిండిపోయింది.

ఇప్పుడు ఇక్కడ దసరాకి కమ్యూనిటీ హాలు అద్దెకి తీసుకుని కొలువు పెడుతున్నారు. మెట్లు మడత పెట్టేవి దొరుకుతాయి, పచ్చగడ్డి చాప చుట్టలా ఆన్‌లైన్‌లో వస్తుంది, దీపాలు వాటంతట అవే రంగులు మారుస్తాయి. బాగానే ఉంటుంది, ఎవరూ దేనిమీదా నీళ్ళు పోయరు. మా అమ్మాయి వెళ్ళి ఫోటోలు తీసుకుంటుంది. మేము పెద్ద ఇంట్లోకి మారాం, బాక్స్ రూమ్ లేదు. నాకు ఉద్యోగాలు పెద్దవయ్యాయి, రానోక్ లాఫ్ట్ ఎక్కింది. అత్తగారు మాత్రం ఏటా దసరాకి ఫోన్లో అడిగేవారు, 'ఆ బండి ఇంకా నడుస్తందా?' అని. మా ఆయన ఫోన్ లాక్కుని, 'భేషుగ్గా నడుస్తోందమ్మా' అనేవారు. పెట్టె ఎక్కడుందో కూడా ఆయనకి తెలియదు. ఆయన సంగతి మీకు తెలిసిందే.

ఇన్సులేషన్ వాళ్ళు వెళ్ళిపోయాక, సామానంతా హాల్లోనే వదిలేసి మేమిద్దరం పట్టాలు తుడిచాం. మా ఆయన కంట్రోలర్ వెతికి తీగలు కలిపారు. మొదట కదల్లేదు. ఇంజన్ చక్రాలకి పట్టిన జిడ్డు నేను పిన్నీసుతో గీకాను. మళ్ళీ పెడితే ఒకసారి గుర్రుమంది, వేలితో కొంచెం తోశాను, బయల్దేరింది. స్టేషన్ దాటింది, బొట్టు పెట్టుకున్న పెద్దమనిషిని దాటింది, ఈనెల మీదికి వచ్చి ఊగింది, ఆగకుండా అవతలికి వెళ్ళిపోయింది. మా ఆయన నా వైపు చూడలేదు. ఒళ్ళో ఉన్న వాళ్ళ అమ్మ చీర కేసి చూస్తూ, 'నడుస్తోందమ్మా' అన్నారు మెల్లగా.

దసరా దగ్గర్లోనే ఉంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి గుప్పెడు మెంతులు నానబోశాను.